పట్టాలతోడనే పని తీరదు

హైదరాబాదునందు ఎం.ఎం.టి.ఎస్. లోకలు రైళ్లు 2003 ఆగస్టులో ప్రారంభమైనవి. మొదటిదశ వ్యయమును ఉమ్మడి రాష్ట్రమును రైల్వేశాఖయు చెరిసగము భరించినవి. రెండవదశలో మూడింట రెండు వంతులు రాష్ట్రముపై బడెను. వాటాల చెల్లింపుపై వాదము సాగుచుండగా, మేడ్చలునకు లోకలు చేరుటకు 2023 ఏప్రిలు రావలసివచ్చెను.

పట్టాలు పఱచినంతనే సౌకర్యము సమకూడదని మే మెఱుగుదుము. దూరపు బండ్లును గూడ్సులును నడచు దారినే లోకలును నడచినచో, ముందుగా నిలువవలసినది లోకలే. వేళ తప్పిన బండిని ఉద్యోగి నమ్మడు. జనము లేరని అధికారులు బండ్లను తగ్గింతురు. తగ్గినకొలది జనము మఱింత తొలగిపోవును.

కావున ఇకముందు విస్తరణ సంకల్పించువారు ఏ వేళ కెన్ని బండ్లు నడపుదురో, ప్రత్యేకమార్గ మెక్కడ వేయుదురో, నష్టము నెవరు భరింతురో ముందే ప్రకటింపవలెనని మా యభిప్రాయము. పన్నులిచ్చు ప్రజలకు ఇంతమాత్ర మడుగు హక్కు కలదు.