యుక్తవయస్సు – పరిశుద్ధతా పాఠం

ఫిఖ్‌హ్ గ్రంథాలు సాధారణంగా పరిశుద్ధత (తహారత్) ప్రకరణంతో మొదలవుతాయి. స్వప్నస్ఖలనం, ఋతుస్రావం, గుస్ల్ విధి అయ్యే సందర్భాలు మదర్సా విద్యార్థి చదివేది అక్కడే. మొదటిరోజు పిల్లలు ముసిముసిగా నవ్వుతారు. నాలుగో రోజుకు అదీ ఒక పాఠమే.

స్త్రీకి స్వప్నస్ఖలనమైతే గుస్ల్ చేయాలా అని హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) స్వయంగా దైవప్రవక్త (స)ను అడిగారు. తడి కనిపిస్తే చేయాలని ఆయన సెలవిచ్చారు. ఇమామ్ బుఖారీ ఈ హదీసును విద్యా ప్రకరణంలో, జ్ఞానార్జనలో సిగ్గు అనే అధ్యాయం కింద కూడా చేర్చారు.

చిక్కంతా తెలుగులోకి తెచ్చేటప్పుడే. ‘హైజ్’ను ‘బహిష్టు’ అంటే ఆ మాటే స్త్రీని బయట కూర్చోబెడుతుంది. షరీఅత్ ఆమెకు ఆ రోజుల్లో నమాజు, ఉపవాసం, సంభోగం వంటివి ఆపింది గాని వంటింటిని కాదు. హజ్రత్ ఆయిషా (రజి) ఆ స్థితిలోనే దైవప్రవక్త (స) తల దువ్వేవారు. అందుకే నేను ‘ఋతుస్రావం’ అనే వ్రాస్తున్నాను.

మదర్సా ఎరుగని మన పిల్లవాడికి ఈ పాఠం ఎవరు చెబుతారు? స్వప్నస్ఖలనం కాగానే పాపమో, జబ్బో అని బెంబేలెత్తుతాడు. గోడలమీది ‘రహస్య వ్యాధుల’ ప్రకటనలకు ఆ భయమే పెట్టుబడి. నిద్రించేవాడు మేల్కొనేవరకు అతని కర్మలు లిఖించబడవని హదీసు ఉంది. తండ్రి చెప్పవలసింది రెండు ముక్కలే: “ఇందులో పాపం లేదు, జబ్బూ కాదు. స్నానం చేసి ఫజర్‌కు రా, నాయనా.”