శీతకాలమున కోయి చేపల సంరక్షణము

జపాను దేశమున నీగాట ప్రాంతపు కొండపల్లెలలోని రైతులు వరి పండించువారు. మెట్లుమెట్లుగా నున్న మళ్లకు నీరు పారించుటకై త్రవ్విన కుంటలలో వారు కూరకై నల్లని కార్పు చేపలను పెంచుచుండిరి. 19వ శతాబ్దారంభమున వానిలో కొన్నింటికి ఎరుపు, తెలుపు మచ్చలు కలిగెను. అట్టివానిని ఏరి వేరుగా పెంచగా రంగుల కోయి యేర్పడినది. 1914లో టోకియో ప్రదర్శనమున పట్టణవాసులు వీనిని చూచినది మొదలు గిరాకి హెచ్చెను. తెలుగుసీమ చెరువులలో బంగారుతీగ యనబడు చేపయు ఈ జాతిదే.

ఆ కొండలలో మంచు 3, 4 మీటర్ల యెత్తు పేరుకొనును. అయినను చలి యొక్కటియే కోయిని చంపదు. లోతు చాలకపోవుట, అకాలమున మేత వేయుట, నీరు కుళ్లుట, వీనివలననే చేపలు ఎక్కువగా నశించుచున్నవి.

నీరు చల్లబడినకొలది బరువెక్కి అడుగునకు దిగును. అయితే 4 డిగ్రీల సెంటిగ్రేడు కంటె చల్లబడిన నీరు తేలికయై పైకి వచ్చి, అచ్చటనే గడ్డకట్టును. కావున పైన గడ్డకట్టినను లోతైన కొలని అడుగున 4 డిగ్రీల నీరు నిలిచియుండును. చేపలు అచ్చట కదలక మెదలక చలికాలము గడుపును. అందుచే లోతు 4 అడుగులకు తక్కువ కారాదు. చలి తీవ్రమగు తావులలో 5, 6 అడుగులు మేలు. గాలిని పంపు యంత్రమును అడుగున నుంచినచో ఈ వెచ్చని నీరు చెదరిపోవును. దానిని పైభాగమున కట్టవలెను.

ఇక మేత. కార్పు జాతికి జీర్ణాశయము లేదు; తిన్నది నేరుగా ప్రేగులోనికి పోవును. చేప దేహమునకు స్వంత వేడిమి లేనందున నీరు చల్లబడిన కొలది అరుగుదల మందగించును. 15 డిగ్రీలకు దిగినప్పటినుండి మేత తగ్గించి, సులభముగా అరుగు గోధుమ మొలక వంటివి కొద్దిగా వేయవచ్చును. 10 డిగ్రీలకు దిగిన పిమ్మట మేత పూర్తిగా నిలుపవలెను. మధ్యాహ్నపు టెండలో చేప పైకి వచ్చినపుడు, పాపము ఆకలిగొన్నదని గుప్పెడు గింజలు చల్లువారు కలరు. ఆ జాలియే దానికి ముప్పు. అరుగని మేత ప్రేగులో నిలిచి చెడును. తినక మిగిలినది నీటిని చెరచును. వేసవిలో బాగుగా మేసిన చేప దేహపు క్రొవ్వుతోనే నెలల తరబడి బ్రతుకగలదు.

రాలిన ఆకులను, కుళ్లిన బురదను చలి ముదరకముందే తీసివేయవలెను. కొలను పూర్తిగా గడ్డకట్టినచో కుళ్లువలన పుట్టిన చెడువాయువులు బయటకు పోజాలవు. ఒకచోట రంధ్రము తెరచియుంచుట అవసరము. గునపముతో పొడువరాదు, ఆ అదురు నీటిగుండా చేపకు తగులును. వేడినీటి పాత్రను గడ్డపై నుంచిన చాలును.

నీగాట రైతులు మాత్రము ఇంత మంచును నమ్మి చేపలను బయట విడువరు. శరత్కాలమున కుంటలలోని నీరు తీసి, చేపలను ఏరి ఇంటి తొట్లలోనికి మార్చుదురు. ఇందును అపాయము లేకపోలేదు. 2004 అక్టోబరు 23న, సరిగా ఈ పని జరుగు కాలముననే, వచ్చిన భూకంపమున యమకోషి గ్రామపు కుంటలు పగిలెను, బాటలు తెగెను, చేపలు విస్తారముగా నశించెను. మిగిలినవానిలో కొన్నింటిని హెలికాప్టర్లపై తరలించిరి.

చలి తగ్గగానే అపాయము తీరెననుకొనరాదు. నీరు కొంచెము వెచ్చబడగానే రోగక్రిములు మేల్కొనును. బడలిన చేపకు వానిని తట్టుకొను శక్తి అంత త్వరగా రాదు. నీరు వారముపైగా 10 డిగ్రీలకు మించి నిలిచిన పిదపనే మేత కొద్దికొద్దిగా ఆరంభింపవలెను.

దక్కను చెరువులు గడ్డకట్టవు. కాని మార్గశిర పుష్యమాసములలో ఇచ్చటి చేపలును తక్కువ తినును. పుండ్ల తెగులు ఈ కాలముననే అధికము. ఆ దినములలో మేత తగ్గించి, తెల్లవారుజామున గాక ప్రొద్దెక్కిన పిదప వేయుట యుక్తము. గాలి చల్లదనమును బట్టి గాక, ఉష్ణమాపకమును త్రాటితో అడుగునకు దించి నీటి వేడిమిని చూచియే మేత నిర్ణయింపవలెను.