ఇంజనుకూ ఆయువున్నది

“ఇంజనును ఎక్కువ తిప్పితే త్వరగా అరిగిపోతుంది” అని మన ఇండ్లలో పెద్దలు కుర్రవాళ్ళను కేకలేస్తూ ఉంటారు. ఆ మాట అబద్ధము కాదు. కాని అన్ని ఇంజనులకూ ఒకే లెక్క పనికిరాదు. అప్పు చేసి కొన్న బండి అప్పు తీరిన తరువాత కూడ నడవాలని కోరుకునే మనము ఆ తేడా తెలుసుకొనుట మంచిది.

ఇంజను చుట్లు రెట్టింపైతే పిస్టను మీద, బేరింగుల మీద పడే లాగుడు నాలుగు రెట్లవుతుంది. భయమంతా దీనివల్లనే. అయితే పిస్టను ఎంత దూరము పరుగెత్తుతున్నదో కూడ చూడవలెను. మదరాసులో తయారైన పాత బుల్లెట్టు 350లో పిస్టను నడక 90 మిల్లీమీటర్లు. నిమిషానికి 5000 చుట్లకే దాని సగటు వేగము సెకనుకు 15 మీటర్లు. 50 మిల్లీమీటర్ల నడక గల చిన్న ఇంజను ఆ వేగమందుకొనుటకు 9000 చుట్లు తిరగవలెను. చిన్న బండికి ఆట అయినది పెద్ద బుల్లెట్టుకు ప్రాణసంకటము.

మైసూరులో 1961 నుండి 1996 వరకు తయారైన జావా, యెజ్డీలు టూ స్ట్రోకు బండ్లు. పెట్రోలులో కలిపిన ఆయిలే వాటికి రక్ష. ఘాటు దిగేటప్పుడు యాక్సిలరేటరు మూసి గేరులోనే వదిలితే చుట్లు ఎక్కువ, ఆయిలు తక్కువ, పిస్టను పట్టేస్తుంది. నడుమ నడుమ కొంచెము యాక్సిలరేటరు ఇస్తూ దిగవలెను.

డీజిలు ఇంజనులో భాగాలు బరువు. కారు డీజిళ్ళ పరిమితి సాధారణముగా 5000 చుట్ల లోపే. లారీలది ఇంకా తక్కువ. వాటిని పెట్రోలు బండివలె లాగరాదు. టర్బో ఉంటే, ఘాటెక్కి ఆగిన వెంటనే ఇంజను ఆర్పక ఒక నిమిషము నెమ్మదిగా తిరగనివ్వవలెను. లేకున్న ఆ వేడికి టర్బోలోని ఆయిలు మాడిపోతుంది.

పెట్రోలు ఆదా అవుతుందని పై గేరులోనే ఎత్తు ఎక్కించేవారు కూడ ఉన్నారు. ఇంజను దడదడలాడుతుంటే బేరింగుల నడుమ ఆయిలు పొర పలచబడుతుంది. ఇదీ అరుగుదలే. అటువంటప్పుడు గేరు తగ్గించి చుట్లు పెంచుటే మేలు.

అన్నిటికన్న చెరుపు చేసేది ప్రొద్దున్నే చల్లని ఇంజనును గట్టిగా లాగుట. ఆయిలు వేడెక్కేదాక మొదటి రెండు మూడు మైళ్ళు నిదానముగా పోనిచ్చి, వేళకు ఆయిలు మార్చి, ఎర్రగీత దాటకుండ నడిపితే, అప్పుడప్పుడు వేగముగా తిప్పినందువల్ల మంచి ఇంజనుకు వచ్చే ముప్పు స్వల్పము. మనము కుర్రవాళ్ళకు చెప్పవలసినది “తిప్పకు” అని కాదు, “వేడెక్కనిచ్చి తిప్పు” అని.