చుట్టుదారియే మేలు

సూటిగా పోవు దారియే దగ్గర దారి యని మనమందరము తలంతుము. కాలినడకను పోవువానికి ఇది నిజమే. కాని వెనుక ఒక ఇంటిని తగిలించుకొని పోవువానికి ఈ లెక్క తప్పును. ఇంగ్లండు దేశపు ఉదాహరణముతో ఈ సంగతి తెలిసికొందము.

ఆ దేశమున సెలవు దినములలో అనేక కుటుంబములు కారు వెనుక చక్రముల ఇంటిని కట్టుకొని విహారమునకు బయలుదేరును. దీనిని కారవాను అందురు. అందు పడకలు, పొయ్యి, బల్ల, నీటితొట్టి ఉండును. ఎచ్చట బస చేసినను అదియే ఇల్లు. అయితే కారును, కారవానును కలిపి కొలిచినచో పొడవు పది మీటర్లు దాటుట సామాన్యము. ఇరుకు సందులో చిక్కినచో వెనుకకు వచ్చుట కష్టము. ఏలయనగా, వెనుకకు నడుపునపుడు చేతిచక్రమును కుడికి త్రిప్పినచో కారవాను ఎడమకు తిరుగును.

దక్షిణ తీరమునందలి బ్రైటను పట్టణమునుండి ఒక కుటుంబము ఉత్తరమున నున్న కేంబ్రిడ్జికి పోవలసియున్న దనుకొందము. పటముపై ఈ రెండు ఊళ్లను ఒక గీతతో కలిపినచో, ఆ గీత లండను మహానగరము మీదుగా పోవును. నగరములోనికి పోయినచో థేమ్సు నదిని దాటవలెను. అచ్చటి రోథర్‌హైత్ సొరంగము 1908లో తెరవబడినది. అది గుఱ్ఱపుబండ్ల కాలపు మార్గము. నేడు రెండు మీటర్లకు మించిన ఎత్తుగాని వెడల్పుగాని గల బండ్లకు అందు ప్రవేశము లేదు. సాధారణమైన కారవాను ఎత్తు అంతకంటె ఎక్కువ. కారులోని దారిచూపు యంత్రము వెనుక కారవాను ఉన్నదని తనంత తానుగా ఎరుగదు. దానినే నమ్మిన గృహస్థు సొరంగద్వారమువద్ద నిలిచిపోవును. వెనుక బండ్ల వరుస పెరుగును.

కావున తెలిసినవాడు నగరమును చుట్టిపోవును. మన హైదరాబాదు చుట్టు 158 కిలోమీటర్ల వలయ రహదారి యున్నట్లే, లండను చుట్టును ఎం-25 అను రహదారి కలదు. అది 1986లో పూర్తియైనది. దాని పొడవు సుమారు 188 కిలోమీటర్లు. బ్రైటనునుండి వచ్చువారు 7వ కూడలివద్ద దీనిని చేరుదురు. అచ్చటినుండి పడమరగా పోయిన దూరమెక్కువ. తూర్పుగా పోయిన తక్కువ. తూర్పుదారిలో 5వ కూడలివద్ద జాగ్రత్త వలయును. అచ్చట తిన్నగా పోవు దారి ఎం-26 అను వేఱు రహదారిగా మారును. చుట్టుదారిలోనే ఉండగోరువారు ముందుగనే సరియైన వరుసలో చేరి ప్రక్కకు తిరుగవలెను. కడపటి క్షణమున పొడవైన బండిని ప్రక్క వరుసలోనికి మరల్చుట ప్రమాదకరము.

తరువాత డార్ట్‌ఫర్డువద్ద థేమ్సు నది వచ్చును. ఉత్తరమునకు పోవువారు నది క్రింది సొరంగములలో పోవుదురు. దక్షిణమునకు మరలివచ్చువారు 1991లో తెరచిన ఎలిజబెత్ రాణి వంతెనపై వత్తురు. పెనుగాలి వీచినపుడు ఆ వంతెనను మూసి, ఒక సొరంగమును దక్షిణమునకు వచ్చువారి కిత్తురు. అట్టి దినమున ఆలస్యము తప్పదు. కావున తిరుగు ప్రయాణమునకు ముందు వాతావరణ వార్త వినవలెను. ఈ దాటునకు సుంకము కలదు. దానిని చెల్లించుటకు మరునాటి అర్ధరాత్రి వఱకు గడువుండును. రాత్రి పది గంటలనుండి ఉదయము ఆఱు గంటల వఱకు సుంకము లేదు. నదిని దాటి ముందుకు సాగి, 27వ కూడలివద్ద ఎం-11 రహదారిని పట్టినచో కేంబ్రిడ్జి చేరవచ్చును.

ఇంత ఆలోచన ఏల యని మీరడుగవచ్చును. కారవాను లాగుచు వేగముగా పోవునపుడు గాలి తాకిడికో, ప్రక్కగా దాటిపోవు లారీ విసురుకో కారవాను పాము వలె ఇటునటు ఊగును. ఆ ఊపు పెరిగినచో కారును సైతము త్రిప్పి పడవేయును. అపుడు గట్టిగా బ్రేకు వేయరాదు. వేగమును మెల్లగా తగ్గించుటయే ఉపాయము. అంతకంటె మంచి ఉపాయము ముందుజాగ్రత్త. బరువైన సామానును అడుగున, ఇరుసునకు దగ్గరగా సర్దవలెను. ఆ దేశపు మోటారు రహదారులపై కారవాను లాగు కారునకు గంటకు 60 మైళ్ల వేగమే మితి. మూడు వరుసలు లేక అంతకు మించి గల మోటారు రహదారిపై కుడివైపు కొస వరుసలోనికి పోరాదు. నడుచుచున్న కారవానులో మనుష్యులు కూర్చుండరాదు. రెండు గంటల కొకసారియైన విశ్రమింపవలెను. 5, 6 కూడళ్ల నడుమ క్లాకెట్ లేన్ అను విశ్రాంతిస్థలము ఇందుకు అనువైనది.

బయలుదేరుటకు ముందు దారిని, వేళను, గాలిని, బరువును ఆలోచించుట పిఱికితనము కాదు. ఆ కారులో భార్యాబిడ్డలుందురు. ఆ దారిలోనే పరుల బిడ్డలును పోవుచుందురు. తన వెనుక వచ్చు భారమెంతయో ఎఱిగి దారి నెన్నుకొనువాడే నిజమైన చోదకుడు.