తీగ పంపిన కబురు

ధాన్యమునకు గాదె యున్నది, నీటికి చెరువున్నది. పుట్టిన క్షణముననే వ్యయము కావలసిన విద్యుత్తునకు మాత్రము నిలువనీడ మిక్కిలి స్వల్పము. ఒక యింట గ్రైండరు మీట నొక్కిన లిప్తలో, ఎచ్చటనో ఒక యంత్రము ఆ మేరకు అధికముగ శ్రమింపవలెను. ఈ జమాఖర్చు సరిపోవుచున్నదో లేదో తెలుపు అంకె యొకటి కలదు. మన దేశమున విద్యుత్ప్రవాహము సెకనుకు 50 పర్యాయములు ఆవర్తనము చెందవలెను. వాడకము ఉత్పత్తిని మించిన యెడల జనరేటర్లు మందగించి ఆ అంకె దిగును, వాడకము తగ్గిన యెడల పైకెగయును. ఒకే గ్రిడ్డునకు చేరిన ఊరులన్నిటను ఆ అంకె ఇంచుమించు ఒక్కటియే యగుటచేత, అది జ్వరమున్నదని చెప్పునే గాని నొప్పి యెచ్చటనో చెప్పజాలదు. అందులకు కబురు కావలెను.

పూర్వము ఆ కబురు మనుష్యకంఠమున వచ్చెడిది. సబ్‌స్టేషనులోని షిఫ్టు ఇంజనీరు గంటగంటకు మీటర్లు చూచి, లాగుబుక్కులో వ్రాసి, ఫోనులో చదివి వినిపించువాడు. ఆ మాటలను సైతము పెక్కుచోట్ల హైటెన్షను తీగయే మోసెడిది. తన క్షేమసమాచారమును తానే మోసికొనిపోవు తపాలా బంట్రోతు వంటిదన్నమాట ఆ తీగ!

గంటకొక కబురు చాలదని 2012 జూలై నెల చాటినది. 30వ తేదీ రాత్రి 2 గంటల 33 నిమిషములకు ఉత్తర గ్రిడ్డు కూలెను. దానిని నిలబెట్టి ఊపిరి పీల్చునంతలో, మరునాటి మధ్యాహ్నము ఉత్తర, తూర్పు, ఈశాన్య ప్రాంతములు మూడును కలిసి కూలెను. బీనా-గ్వాలియరు 400 కిలోవోల్టుల లైనుపై అధికభారము పడగా, దానిని లోపముగ భ్రమించి రక్షక రిలే లైనును విడదీయుటతో ఈ పతనపరంపర మొదలైనది. రెండవనాడు సుమారు 60 కోట్ల జనులు నివసించు ప్రాంతము చీకటిపాలైనది. దక్షిణాదివారము బ్రతికి బయటపడుట మన ప్రాజ్ఞత వలన గాదు. గాజువాక, రామగుండముల మీదుగ మనకు ఉత్తరాదితో గల సంబంధము డి.సి. విద్యుత్తుతో నడచునది యగుటచే, వారి అంకె వేరు, మన అంకె వేరు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపురము లైను ఆ రెంటిని ఏకము చేసినది. ఇక కలిమియు ఉమ్మడి, లేమియు ఉమ్మడి.

ఇట్టి ఉమ్మడి సంసారమునకు తగిన సాధనమే ఫేజరు మాపకము. ఒకే కాడికి కట్టిన ఎద్దులలో ఒకటి ముందునకు పోయి వేరొకటి వెనుకబడిన, కాడి యెంత వంకరయైనదో చూచి దానిపై నెంత ఒత్తిడి గలదో రైతు గ్రహించును గదా! దూరస్థములైన రెండు స్టేషనులలోని విద్యుత్తరంగములకును అట్టి కోణభేదమే యుండును. అది విశాలమగుకొలది వ్యవస్థ కృంగుచున్నదని యెరుగవలెను. ఈ సాధనములు ఉపగ్రహముల గడియారముతో కాలము సరిచూచుకొని, ఆ కోణమును సెకనుకు 25 మారులు నివేదించును. టవరు శిఖరమున పిడుగులనుండి లైనును కాచు ఎర్త్‌వైరు కడుపున ఇమిడిన గాజుపోగులగుండ ఆ నివేదిక లోడ్ డిస్పాచ్ కేంద్రమునకు చేరును. గ్రామములోని 11 కె.వి. తీగ తెగిన సంగతి మాత్రము ఇప్పటికిని పెక్కుచోట్ల వినియోగదారుని ఫోనే తెలుపవలసి యుండుట వేరు మాట.

2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు దేశప్రజలు తొమ్మిది నిమిషములు దీపము లార్పగా, వాడకము 31 వేల మెగావాట్లకు పైగ పడిపోయినది. బొగ్గు బాయిలరు అంత త్వరగా మాట వినదు. అందుచే ముందుగనే జలవిద్యుత్తును పెంచియుంచి, దీపము లారిన వేళ దానిని చకచక తగ్గించి, తిరిగి వెలిగిన వేళ పెంచిరి, అంకె 49.70కును 50.26కును నడుమనే మెదలినది. ఆ రాత్రి పని తెలిసినవారు మెచ్చవలసినది ఆరిన దీపములను గాదు, ఆ అంకెను.

అయితే కబురు పోవు దారి వెంట దొంగయు రాగలడు. 2015 డిసెంబరు 23న ఉక్రెయినులో మూడు పంపిణీ సంస్థల కంప్యూటర్లలో చొరబడినవారు, ఉద్యోగులు చూచుచుండగనే తెరపైని బాణపుగుర్తును తామే కదల్చుచు బ్రేకర్లను తెరచిరి. సుమారు 2 లక్షల 25 వేల మంది వినియోగదారులకు కరెంటు పోయినది. ఫిర్యాదులు చేరకుండ ఫోనులను సైతము దొంగకాల్సుతో ముంచివేసిరి. అప్పుడు సిబ్బంది కార్లెక్కి, చలికాలపు చీకటిలో ఒక్కొక్క సబ్‌స్టేషనుకు పోయి, బ్రేకర్లను చేతితో మూసి, కొన్ని గంటలలో వెలుగు తెప్పించిరి. చేతితో మూయు వీలు ఆ స్టేషనులలో ఇంకను మిగిలియుండెను.