పాత పికప్ ట్రక్కు రేకుల పొందిక

పాత మోటారు బండిని విప్పుట సులభము. మరల కూర్చుట కష్టము. ఇంజను బాగుచేసి, తుప్పు గోకి, రేకులన్నిటికిని రంగు వేసిన పిమ్మట వాటిని నిలుపబోవునప్పుడు తలుపు మూతపడదు. బానెట్టు ఒకవైపు లేచియుండును. మడ్‌గార్డు తలుపు అంచును రాచి క్రొత్త రంగును లేపివేయును. నెలల శ్రమ ఒక్క పూటలో వృథా యగును. ఇట్లేల జరుగునో, నివారించు మార్గమేదియో ఈ ప్రసంగమున విచారింతము.

ఉదాహరణమునకు, అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1947లో విడుదల చేసి 1955 తొలినెలల వరకు నిర్మించిన షెవర్లే 'అడ్వాన్స్ డిజైన్' పికప్ ట్రక్కును తీసికొందము. వీనిని నేటికిని ఔత్సాహికులు తమ ఇండ్లలోనే విప్పి పునర్నిర్మించుచున్నారు. ఈ బండి ఒకే పెట్టె కాదు. క్రింద నిచ్చెనవంటి ఉక్కు ఛాసిస్ కలదు. దానిపై డ్రైవరు కూర్చుండు క్యాబు, ముందు బానెట్టు మడ్‌గార్డుల సముదాయము, వెనుక సామాను తొట్టి వేర్వేరుగా బోల్టులతో బిగింపబడియుండును. కావున ఒకదాని వంకర మరియొకదాని అంచున బయటపడును. దోషము కనబడు చోటు వేరు, పుట్టు చోటు వేరు. ఈ పనిలో ముఖ్యముగా గ్రహింపవలసినది ఇదియే.

వడ్రంగి ముందు ద్వారబంధమును తూకమునకు నిలిపి, తరువాతనే తలుపు రెక్కలను తొడుగును. ఇక్కడను క్రమమదియే. మొదట ఛాసిస్‌ను చదునైన నేలపై దాని చక్రముల మీదనే నిలుపవలెను. జాకీల మీద నున్నప్పుడు బరువు పడు తీరు మారి, అది కొంచెము వంగును. పిదప క్రొత్త రబ్బరు దిండ్లపై క్యాబు నుంచి, బోల్టులను వదులుగా తొడుగవలెను. ఏదేని ఒక మూల క్రింద బిళ్ల ఎక్కువైనచో తలుపు నిలువవలసిన ద్వారమే మూలమట్టము తప్పును. అప్పుడు కీళ్లను ఎంత సవరించినను ప్రయోజనముండదు.

తరువాత తలుపులు. గడియ పట్టు కొక్కెమును, అంచుల రబ్బరును అప్పటికి తీసివేయవలెను. లేనిచో అవి తలుపును తమవైపు త్రోసి, నిజస్థితిని మరుగుపరచును. తలుపు వెనుక అంచు క్రిందికి వాలినచో ముందు కీలు చీలలు అరిగినవేమో చూడవలెను. అవి బాగున్నచో, క్రింది కీలు వెనుక పలుచని రేకు బిళ్ల నొకటి చేర్చిన చాలును; వెనుక అంచు పైకి లేచును. ఈ బిళ్లనే మెకానిక్కులు షిమ్ము అందురు.

తలుపులు క్యాబుతో కుదిరిన పిమ్మటనే మడ్‌గార్డులను తలుపులకు అనుగుణముగా సరిచేయవలెను. ఆ రెంటి నడుమ సందు పైన వెడల్పుగాను, క్రింద ఇరుకుగాను ఉన్నప్పుడు పలువురు సరిగానున్న తలుపునే మరల కదలింతురు. తరచుగా లోపము అక్కడ ఉండదు. రేడియేటరును మోయు చట్రము ఛాసిస్ ముందుభాగమున ఆనియుండును. దాని క్రింది రబ్బరు అణగినచో ముందుభాగమంతయు క్రుంగి, మడ్‌గార్డు పైఅంచు తలుపునుండి దూరమగును. అచ్చట ఒక షిమ్ము వేసినచో, కొన్ని అడుగుల వెనుకనున్న సందు సమమగును. బానెట్టును దీని తరువాత, సామాను తొట్టిని చిట్టచివర అమర్చవలెను.

సందు వెడల్పు సుమారు 5 మిల్లీమీటర్లుండిన మేలు. అదే మందముగల చెక్క బద్దలను అంచుల నడుమ నిలిపి చూచినచో హెచ్చుతగ్గులు వెంటనే తెలియును. రంగు పొరలును రెండు అంచుల మీద మందమును పెంచి సందును తగ్గించునని మరువరాదు. కావున ఈ కూర్పునంతయు రంగు వేయుటకు ముందే ఒకమారు పూర్తిగా జరిపి చూడవలెను. అంతా కుదిరిన పిదప కీలునకు, దాని వెనుక స్తంభమునకు కలిపి ఒక చిన్న రంధ్రము వేసినచో, రంగు వేసిన తరువాత అందులో చీల దూర్చి తలుపును మరల అదే స్థానమున నిలుపవచ్చును.

ఇది కేవలము అందమునకై పడు శ్రమ కాదు. గడియ సరిగా పట్టని తలుపు దారిలో తెరచుకొనవచ్చును. ఈ బండి బానెట్టు కీళ్లు అద్దము వైపున నున్నవి. ముందు గొళ్లెము పట్టు వదలినచో అది గాలికి లేచి అద్దమును కప్పివేయును. డ్రైవరునకు దారి కనబడదు. సందులలో దిగిన వర్షపు నీరు క్యాబు అడుగు రేకును తినివేయును. కనుక అన్ని అంచులును సమముగా నిలుచువరకు ఏ బోల్టునూ గట్టిగా బిగింపరాదు. తొందరపడి బిగించిన బోల్టు ఆ వంకరను అట్లే నిలిపివేయును. దానిని సరిదిద్దుటకు పూర్తిచేసిన పనిని మరల విప్పవలసివచ్చును.