మంటలార్పిన వాళ్లకు నిద్రేదీ?

వనపర్తి జిల్లా ఆత్మకూర్ నుంచి కొత్తకోట చేరి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే పాలెం వస్తుంది. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో బస్సు అక్కడే కల్వర్టును గుద్దుకుని తగలబడింది. 45 మంది సజీవ దహనమయ్యారు. ఎవరు ఎవరో తేల్చడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. బస్సు తలుపులు, డీజిల్ ట్యాంకు, పర్మిట్ల గురించి రోజుల తరబడి చర్చ నడిచింది. కాలిన సీట్ల మధ్య నుంచి దేహాలను వేరుచేసి బయటికి తెచ్చినవాళ్లు ఆ రాత్రి నిద్రపోయారా అని పెద్దగా ఎవరూ అడగలేదు.

ఇలాంటి చోటికి ముందు చేరేది ఫైరింజన్ సిబ్బంది, 108 అంబులెన్సులో వచ్చే ఈఎంటీ (అత్యవసర వైద్య సహాయకుడు), పైలట్ అని పిలిచే డ్రైవరు, స్టేషన్ కానిస్టేబుళ్లు. పంచనామా రాయాలంటే చేతికి గాజులున్నాయా, వేలికి ఉంగరం ఉందా, కాలికి మెట్టెలున్నాయా అని దేహం మీదికి వంగి చూడాలి. చూసింది చూసినట్టు కాగితం మీద పెట్టాలి. మర్నాడు మామూలుగా బందోబస్తుకు పోవాలి. కృష్ణలో మునిగినవాళ్లను వెతికి తీసే గజ ఈతగాళ్లకైతే నెల జీతం కూడా ఉండదు. మందు పడితే తప్ప శవాన్ని ముట్టలేమనే మాట ఈ పనుల్లో ఉన్నవాళ్ల దగ్గర తరచూ వినిపిస్తుంది. దాన్ని తాగుబోతుతనం అని కొట్టిపారేయడం తేలిక.

అలా కొట్టిపారేయని వాళ్లలో ఒకడు చార్లెస్ ఫిగ్లీ. అమెరికా మెరైన్ దళంలో వియత్నాం యుద్ధానికి వెళ్లొచ్చి సైకాలజీ చదివాడు. తనలాంటి మాజీ సైనికుల మానసిక గాయాల మీద 1978లో ఒక పుస్తకానికి సంపాదకత్వం వహించాడు. రెండేళ్లకు అమెరికా మనోవైద్యుల సంఘం, ఘోరాన్ని చూశాక మనసును వదలని ఆ గాయాన్ని పీటీఎస్‌డీ పేరుతో జబ్బుల జాబితాలో చేర్చింది. ఆ తర్వాత ఫిగ్లీ చూపు బాధితుల నుంచి వాళ్లను ఆదుకునేవాళ్ల మీదికి మళ్లింది. 1995లో ఓక్లహోమా సిటీ బాంబు పేలుడులో 168 మంది చనిపోయినప్పుడు, సహాయకుల కోసం గ్రీన్ క్రాస్ అనే బృందానికి పునాది వేశాడు. దెబ్బ తిన్నవాణ్ని ఎత్తుకొచ్చినవాడికీ దెబ్బ తగులుతుందన్నది అతని వాదన.

ఆ దెబ్బకు చికిత్స విషయంలో మాత్రం తొందర పనికిరాదు. ఘటన జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి చూసిందంతా చెప్పించే పద్ధతి 1980లలో బాగా ప్రచారంలోకి వచ్చింది. ఒక్క విడతతో ముగించే అలాంటి కూర్చోబెట్టుడు పీటీఎస్‌డీని ఆపలేదని తర్వాతి పరిశోధనల్లో తేలింది. మొదటి రోజుల్లో కావాల్సింది తిండి, పడక, ఇంటికో ఫోను, పక్కన తోటి సిబ్బంది. నెల దాటినా అదే దృశ్యం కళ్లముందు ఆడుతుంటే, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతుంటే, పెళ్లాంపిల్లల మీద ఊరికే విరుచుకుపడుతుంటే అప్పుడు చికిత్స అవసరం. ఆలోచనల తీరును సరిచేసే సీబీటీ, కళ్ల కదలికల సాయంతో చేసే ఈఎండీఆర్ లాంటి చికిత్సలు బాగా పనిచేస్తున్నాయి. మన పల్లెల్లో అయితే దడుసుకున్నాడని తాయెత్తు కట్టిస్తారు. కట్టించుకోనివ్వండి, మనిషి మారాడని ఇంట్లోవాళ్లు గమనించడమే సగం మేలు. కానీ తాయెత్తుతో ఆగిపోవద్దు.

సాయానికి వెళ్లినవాళ్లను వెంటాడేది చూసిన శవం ఒక్కటే కాదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. సైన్యం, ఎన్‌డీఆర్‌ఎఫ్, సింగరేణి రెస్క్యూ దళం, ఇరుకు సొరంగాలు తవ్వే ర్యాట్ హోల్ మైనర్లు దాదాపు 14 కిలోమీటర్లు లోపలికి పోయి బురదలో, ఊటనీళ్లలో వారాల తరబడి వెతికారు. దొరికినవి రెండు మృతదేహాలే. ప్రాణంతో ఒక్కరినీ తేలేకపోయామన్న దిగులు శవాన్ని చూసిన భయం కన్నా మొండిదని నా అభిప్రాయం.

ఇలాంటి దిగులుకు ఫోన్‌లో మానసిక సాయం అందించే టెలి మానస్ నంబరు 14416 2022 అక్టోబరు నుంచి ఉంది. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు, రాత్రీపగలూ పనిచేస్తుంది. అయితే యూనిఫాం వేసుకున్నవాడు తనంతట తాను ఫోన్ చేయడు, మెంటల్ అంటారని జంకుతాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాల్సిందేనని అతనికి చెప్పేవాళ్లు కావాలి. ఘోర ప్రమాదం డ్యూటీ చేసిన ప్రతివాణ్నీ నెల తిరిగాక అధికారే పిలిచి పలకరించాలి, సెలవివ్వాలి, సర్వీసు రికార్డులో మచ్చ పడదని హామీ ఇవ్వాలి. ఫైర్, పోలీసు, 108 యాజమాన్యాలు ఈ పని రేపే మొదలుపెట్టవచ్చు.